థాకరే నుంచి ఠాక్రే దాకా: నీళ్లలో మునిగిన ఊరి పేరు ముంబై ఎలా చేరింది?

ఈ ఎపిసోడ్ ఒక స్పెల్లింగ్ గురించి. న్యూస్‌లో బాల్ ఠాక్రే, ఉద్ధవ్ ఠాక్రే, రాజ్ ఠాక్రే అనే పేర్లు మీరు వందసార్లు వినుంటారు. మన తెలుగు పేపర్లు ఒకసారి ఠాక్రే అంటాయి, ఒకసారి థాకరే అంటాయి. అది సరే. ఇంగ్లిష్‌లో ఆ పేరు ఎలా రాస్తారో ఎప్పుడైనా గమనించారా? మరాఠీలో పలికినట్టు రాస్తే ఐదారు అక్షరాల్లో అయిపోవాలి. వాళ్లు తొమ్మిది రాస్తారు. మధ్యలో 'సి' ఉంటుంది, దాని పక్కన 'కె' ఉంటుంది, చివర్లో 'ఎ', 'వై' ఉంటాయి. మరాఠీ పేరుకి ఇంత ఇంగ్లిష్ అలంకారం ఎందుకు?

ఎందుకంటే ఆ స్పెల్లింగ్ మరాఠీది కాదు. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, యార్క్‌షైర్ అనే ప్రాంతంలో, ఒక చిన్న లోయలో పుట్టిన అరుదైన ఇంటిపేరు అది. అది అక్కణ్ణుంచి బయల్దేరి కలకత్తా వచ్చింది, మన ఆదోని వచ్చింది, కిత్తూరు కోట ముందు ప్రాణం పోగొట్టుకుంది, చివరికి ముంబైలో ఇంకొకళ్ల ఇంటి గుమ్మం మీదకి ఎక్కింది. కన్‌ఫ్యూజన్ రాకుండా ఒక పని చేద్దాం. ఇంగ్లండ్ వాళ్లని 'థాకరే' అంటాను, ముంబై వాళ్లని 'ఠాక్రే' అంటాను. థ, ఠ తేడా గుర్తుపెట్టుకోండి చాలు.

ముందు అసలు ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు ఎలా వచ్చాయో రెండు ముక్కల్లో చెప్పేస్తా. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచే నాటికి అక్కడ మామూలు జనానికి తరతరాలుగా దిగే ఇంటిపేరు లేదు. ఒకే ఊళ్లో ముగ్గురు జాన్‌లు, నలుగురు విలియమ్‌లు ఉంటే కమ్మరి జాన్, పొట్టి జాన్, ఫలానా వాడి కొడుకు జాన్ అని పిలుచుకునేవాళ్లు. ఆ మనిషి పోతే ఆ పేరూ పోయేది. తర్వాత భూమి హక్కులు, కోర్టు కాగితాలు, పన్నులు వచ్చాయి. రాసేవాడికి ఎవరు ఎవరో తేలాలి కదా. అలా దాదాపు 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం లోపు ఈ పిలుపులు గడ్డకట్టి ఇంటిపేర్లయిపోయాయి. కొన్ని వృత్తిని బట్టి, కొన్ని తండ్రిని బట్టి, కొన్ని వెక్కిరింతని బట్టి, చాలావరకు ఊరిని బట్టి.

ఊరిని బట్టి అనగానే మనకి వెంటనే అర్థమవుతుంది. తాళ్లపాక అన్నమయ్య, సర్వేపల్లి రాధాకృష్ణన్. ఊరు వదిలి వెళ్లినవాడికే ఊరి పేరు అతుక్కుంటుంది, ఇది గమనించారా? తాళ్లపాకలో ఉన్నంతకాలం 'తాళ్లపాక వాళ్లు' అని ఎవరూ పిలవరు, అందరూ వాళ్లే కాబట్టి. పక్క ఊరు వెళ్తేనే ఆ పేరుకి పని. ఇంగ్లండ్‌లోనూ అదే లెక్క.

ఇప్పుడు యార్క్‌షైర్ వెళ్దాం. లీడ్స్ నగరానికి ఉత్తరాన వాష్‌బర్న్ అని ఒక చిన్న నది ఉంటుంది. ఆ లోయలో ఫ్యూస్టన్ అనే ఊరు, దానికి దగ్గర్లో గ్రేట్ టింబుల్ అనే ఊరు. ఆ చుట్టుపక్కలే 'థాక్‌రే' అని ఒక చిన్న చోటు ఉండేది. నాలుగిళ్లు, పొలం గట్టు, అంతే అనుకోండి. మన కథ మొత్తానికి విత్తనం అదే.

ఆ పేరులో ఉన్నది ఇంగ్లిష్ కూడా కాదు, అదీ తమాషా. అది వైకింగుల భాష, పాత నార్స్. 866లో డెన్మార్క్, నార్వే వైపు నుంచి వచ్చిన సైన్యం యార్క్ పట్టణాన్ని పట్టుకుంది. సినిమాల్లో వైకింగులంటే గొడ్డలి పట్టుకుని ఊళ్లు తగలబెట్టేవాళ్లే. అది నిజమే గానీ సగం నిజం. తగలబెట్టినవాళ్లలో చాలామంది తర్వాత అక్కడే స్థిరపడి దుక్కి దున్నుకున్నారు. తమ పొలాలకి, వాగులకి, గుట్టలకి తమ భాషలో పేర్లు పెట్టుకున్నారు. అందుకే ఇవాళ్టికీ యార్క్‌షైర్ మ్యాప్ తెరిస్తే సగం పేర్లు స్కాండినేవియా నుంచి వచ్చినట్టుంటాయి. 'థాక్' అంటే ఇంటి మీద కప్పే గడ్డి, రెల్లు. 'వ్రా' అంటే మూల, ఒక వారగా ఉన్న చోటు. రెండూ కలిపితే పైకప్పు వేసుకోడానికి రెల్లు దొరికే మూల. మన భాషలో పెట్టుకుంటే 'రెల్లుమూల' వారు. బ్రిటిష్ సాహిత్యంలో అంత పెద్ద పేరు, మహారాష్ట్ర రాజకీయాల్లో అంత భయం పుట్టించిన పేరు, లోపల ఉన్నది పూరిగుడిసె మీద కప్పే గడ్డి! ఇంగ్లిష్‌లో గడ్డి కప్పుని 'థ్యాచ్' అంటారు కదా, జర్మన్‌లో పైకప్పుని 'డాఖ్' అంటారు కదా, ఇవన్నీ అదే కుటుంబం మాటలు.

ఇలాంటి పేర్లు అరుదుగా ఎందుకు ఉంటాయి? స్మిత్ అనే పేరు తీసుకోండి. ప్రతి ఊళ్లో ఒక కమ్మరి ఉంటాడు కాబట్టి ఆ పేరు వంద చోట్ల వందసార్లు విడివిడిగా పుట్టింది. ఇద్దరు స్మిత్‌లు కలిస్తే చుట్టాలు అవ్వాలని లేదు. కానీ నాలుగిళ్ల పల్లె పేరు ఒక్కచోటే పుడుతుంది, ఒకటో రెండో కుటుంబాలకే అంటుకుంటుంది. దానికి తోడు 1348, 49లలో ప్లేగు వచ్చి ఇంగ్లండ్ జనాభాలో మూడోవంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టేసింది. ఎన్నో పేర్లు అక్కడితో ఆగిపోయాయి. మిగిలిన పేరు అంటే, ఎవరో ఒకడు బతికి బట్టకట్టాడని అర్థం.

ఇందులో సైన్స్ కూడా ఉంది. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది. మగవాళ్లలో ఉండే వై క్రోమోజోమ్ కూడా అంతే, తండ్రి నుంచి కొడుక్కే. అంటే రెండూ ఒకే దారిలో నడుస్తాయి. 2000లో బ్రయాన్ సైక్స్ అనే ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త తన సొంత ఇంటిపేరు ఉన్నవాళ్ల నమూనాలే తీసుకుని చూశాడు. అది కూడా యార్క్‌షైర్ పేరే. ఒకరికొకరు తెలియని ఆ సైక్స్‌లలో దాదాపు సగం మందికి ఒకే వై క్రోమోజోమ్ గుర్తులు వచ్చాయి. 2009లో టూరి కింగ్, మార్క్ జోబ్లింగ్ అనే ఇద్దరు 40 బ్రిటిష్ ఇంటిపేర్లని, 1,678 మంది మగవాళ్లని తీసుకుని ఇంకా పెద్దగా చేశారు. పేరు ఎంత అరుదైతే, ఆ పేరున్నవాళ్లు ఒకే మూలపురుషుడి సంతానం అయ్యే అవకాశం అంత ఎక్కువ అని తేలింది. స్మిత్ లాంటి పేరులో ఆ పోలిక దాదాపు కనిపించలేదు. మరి మిగతా సగం సైక్స్‌ల సంగతేంటి? దత్తతలు, తల్లి ఇంటిపేరు తీసుకున్నవాళ్లు, ఇంకా... సరే, మీకు అర్థమైంది కదా. ఈ 'ఎవరికి పేరు దక్కింది, ఎవరికి దక్కలేదు' అనే విషయానికి మళ్లీ వస్తాను. ఈ కథలో అది ముఖ్యం.

1379లో ఇంగ్లండ్ రాజు తలపన్ను వేశాడు. 16 ఏళ్లు దాటిన మామూలు మనిషి కనీసం నాలుగు పెన్నీలు కట్టాలి. దాని కోసం ఊరూరా తిరిగి పేర్లు రాశారు. అదృష్టమేంటంటే యార్క్‌షైర్ పశ్చిమ భాగం జాబితాలు బాగా మిగిలాయి. ఇంటిపేర్ల మీద పరిశోధన చేసే ప్రతివాడూ మొదట తెరిచేది వాటినే. జనాన్ని పిండడానికి తయారు చేసిన కాగితం, 600 ఏళ్ల తర్వాత వాళ్ల మనవళ్లకి వంశవృక్షం అయింది. ఆ తర్వాత 1538 నుంచి ప్రతి చర్చిలో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాయాలని రూల్ పెట్టారు. చర్చిలో రాసేవాడు వినపడినట్టు రాసేవాడు. అందుకే థాక్‌రే, థాక్రా, థాకరే, థాకరీ ఇలా రకరకాలు. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, టెన్త్ మెమోలో ఒక స్పెల్లింగ్ ఉన్న బాధ మీకుంటే, అది వాళ్లకి 500 ఏళ్ల కిందటే ఉంది.

ఈ కుటుంబాల్లో చాలావరకు లీడ్స్ చుట్టుపక్కలే ఉండిపోయాయి. వాళ్లలో నాకు బాగా నచ్చినవాడు చార్లెస్ టర్నర్ థాక్రా అనే డాక్టర్. లీడ్స్ మిల్లుల్లో దుమ్ము పీల్చి కార్మికులు ఎలా జబ్బు పడుతున్నారో, ఏ పని చేసేవాడికి ఏ రోగం వస్తుందో వృత్తుల వారీగా పరిశీలించి 1831లో పుస్తకం వేశాడు. ఇవాళ మనం వృత్తిరోగాలు అంటామే, బ్రిటన్‌లో ఆ విద్యకి ఆయన్నే ఆద్యుడిగా చెబుతారు. రెండేళ్లకే, 1833లో, నలభై నిండకుండానే పోయాడు. అదే లీడ్స్‌లో 1902లో చార్లెస్ థాక్‌రే అనే ఇంకొకాయన మందుల షాపుతో మొదలుపెట్టిన కంపెనీ తర్వాత ఆపరేషన్ పనిముట్లు చేసింది. డాక్టర్ జాన్ చార్న్‌లీ డిజైన్ చేసిన తుంటి కీళ్లని తయారు చేసింది కూడా ఆ కంపెనీయే. మీ ఇంట్లో పెద్దవాళ్లకి తుంటి మార్పిడి జరిగి ఉంటే, ఆ ఆపరేషన్ మూలాల్లో ఈ రెల్లుమూల వారి చెయ్యి ఉంది. లీడ్స్‌లో ఇప్పుడు థాక్‌రే పేరు మీద వైద్య మ్యూజియం కూడా ఉంది.

కానీ ఒక శాఖ మాత్రం లోయ దాటింది. ఫ్యూస్టన్‌కి దగ్గర్లోనే హాంప్స్‌త్వెయిట్ అనే ఊరు. అక్కడి రైతు కుటుంబంలో 1693లో పుట్టిన థామస్ థాకరే బాగా చదువుకుని, కేంబ్రిడ్జి వెళ్లి, చివరికి హారో స్కూల్ హెడ్‌మాస్టర్ అయ్యాడు. హారో అంటే తర్వాత నెహ్రూ చదివిన స్కూలు. ఆయనకి 16 మంది సంతానం. చివరివాడు విలియం మేక్‌పీస్ థాకరే. ఈ పేరు రెండుసార్లు వస్తుంది, జాగ్రత్త. ఇతను తాత. అంతమంది పిల్లల్లో చివరివాడికి ఇంగ్లండ్‌లో ఏం మిగులుతుంది? 1766లో, ఇంకా పదిహేడేళ్లు, ఈస్టిండియా కంపెనీలో గుమస్తాగా ఓడెక్కి బెంగాల్ వచ్చేశాడు. కొన్నేళ్లకే ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న సిల్హెట్‌కి అధికారి అయ్యాడు. పన్ను వసూలు ఒక పని, ఏనుగుల్ని పట్టించి కంపెనీకే అమ్మడం ఇంకో పని. సైడ్ బిజినెస్ అన్నమాట. 1776కల్లా, అంటే పదేళ్లలో, సంపాదించుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆ పదేళ్ల మధ్యలోనే, 1770లో, బెంగాల్‌లో లక్షలాదిమందిని చంపిన కరువు వచ్చింది. ఆ రెండు విషయాలూ ఒకే దేశంలో ఒకేసారి జరిగాయని గుర్తుపెట్టుకోవాలి.

ఆయన కొడుకుల్లో ఒకరు ఇంగ్లండ్‌లో మతగురువుగా ఉండిపోతే, మిగతా ఆరుగురూ ఇండియా వచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరి కథ మనకి దగ్గరిది.

పెద్దవాడు, ఈయన పేరూ విలియమే. మద్రాసు సర్వీసులో చేరాడు. 1800లో నిజాం నవాబు మన రాయలసీమని కంపెనీకి రాసిచ్చేశాడు కదా, దత్తమండలం అని. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు వైపు ప్రాంతాలు. దానికి పెద్ద కలెక్టర్‌గా థామస్ మన్రో వచ్చాడు. మన్రో కింద ఉన్న నలుగురు సబ్‌కలెక్టర్లలో విలియం థాకరే ఒకడు, ఆదోని వైపు చూసేవాడు. వచ్చీరాగానే గొడవలు. 1801లో అదే ప్రాంతంలోని తెర్నేకల్లు గ్రామం పన్ను కట్టం పొమ్మని కోట తలుపులు మూసేసింది. కంపెనీ సైన్యం మొదట వెళ్లి దెబ్బతిని వెనక్కొచ్చింది, తర్వాత ఇంకా పెద్ద బలగం దించి పట్టుకుంది. ఇది చాలామంది స్కూలు పుస్తకాల్లో చదివి ఉండరు. కర్నూలు వైపు వాళ్లు మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ విలియం థాకరే మీద నాకు అసలు కోపం మాత్రం వేరే విషయంలో. రైత్వారీ పద్ధతి గురించి పరీక్షలకి చదివే ఉంటారు. జమీందారు లేకుండా ప్రభుత్వం నేరుగా రైతు దగ్గరే శిస్తు వసూలు చేసుకోవడం. అది మంచిదా, జమీందారీ మంచిదా అని మద్రాసులో పెద్ద చర్చ నడిచింది. దాని మీద జిల్లాలు తిరిగి రిపోర్ట్ ఇమ్మని ప్రభుత్వం ఈయన్నే పంపింది. 1807లో ఇచ్చిన ఆ రిపోర్టులో రైత్వారీయే మేలన్నాడు. ఎందుకట? రైతు మీద ప్రేమతో అనుకునేరు. ఆయన వాదన సారాంశం ఇదీ: ఇంగ్లండ్‌లో అయితే డబ్బున్న కులీనులు ఉండటం మంచిదే, వాళ్లలోంచి నాయకులు, మేధావులు వస్తారు. కానీ ఇండియాలో అలాంటి స్వతంత్ర బుద్ధి, లోతైన ఆలోచన అణగదొక్కాల్సినవి, మన అధికారానికే ముప్పు. ఇక్కడ సేనాపతులూ, రాజనీతిజ్ఞులూ మనకి అక్కర్లేదు, కష్టపడి దున్నేవాళ్లు చాలు. నేను కలిపి చెప్పట్లేదు, ఆయన రాసిన ఉద్దేశమే ఇది. తర్వాత ఆర్.సి. దత్ తన ఆర్థిక చరిత్ర పుస్తకంలో దీన్ని బయటపెట్టాడు కాబట్టి జాతీయోద్యమం నాటికి చాలామందికి తెలిసింది. రైత్వారీ గురించి మార్కుల కోసం 'లాభాలు, నష్టాలు' అని రెండు కాలమ్స్ గీసి చదువుకున్నాం గానీ, ఈ మాట ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. పద్ధతిలో కొన్ని మంచి విషయాలు ఉంటే ఉండొచ్చు. దాన్ని సమర్థించినవాడి బుర్రలో ఏముందో కూడా తెలియాలి కదా.

రెండోవాడు సెయింట్ జాన్ థాకరే. ఈయన ధార్వాడలో కలెక్టరు, పొలిటికల్ ఏజెంటు. కిత్తూరు రాణి చెన్నమ్మ కథలో వచ్చే దొర ఈయనే. 1824లో కిత్తూరు సంస్థానాధీశుడు వారసుడు లేక చనిపోతూ ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకున్నాడు. థాకరే ఆ దత్తత చెల్లదన్నాడు, ఖజానాకి సీళ్లు వేయించాడు. రాణి చెన్నమ్మ ఒప్పుకోలేదు. అక్టోబర్ 23న కోట తలుపులు తెరవమని ఫిరంగులతో వచ్చి నిలబడ్డాడు. తలుపులు తెరుచుకున్నాయి. కానీ లోపల్నుంచి సైన్యం ఒక్కసారిగా మీద పడింది. థాకరే అక్కడికక్కడే చనిపోయాడు. గురిపెట్టి కాల్చింది అమటూరు బాళప్ప అని కన్నడ దేశంలో చెప్పుకుంటారు. డిసెంబర్‌లో కంపెనీ పెద్ద సైన్యంతో తిరిగొచ్చి కోట పట్టుకుంది, రాణిని బైలహొంగలలో బందీగా ఉంచింది, ఆమె 1829లో అక్కడే కన్నుమూసింది. ఇవాళ్టికీ ఏటా అక్టోబర్ 23న కిత్తూరు ఉత్సవం మొదలవుతుంది. అంటే ఒక థాకరే పడిపోయిన రోజు కర్ణాటకకి పండగ రోజు.

చిన్న పక్కదారి. ఆ రోజు కిత్తూరు వాళ్లు ఇద్దరు దొరల్ని ప్రాణాలతో బందీలుగా పట్టుకున్నారు. అందులో ఒక కుర్రాడి పేరు వాల్టర్ ఇలియట్. ఏం చెయ్యకుండా వదిలేశారు. ఆ కుర్రాడే 1845లో మన అమరావతి స్తూపం తవ్వించాడు. ఇవాళ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలని ఎంతోకాలం 'ఇలియట్ మార్బుల్స్' అని పిలిచారు. ఇది విడిగా ఒక ఎపిసోడ్ సరుకు, ఇప్పుడు వదిలేస్తున్నా.

మళ్లీ ఇంటిపేరు దగ్గరికి. ఈ అన్నదమ్ముల్లో రిచ్‌మండ్ థాకరే అనే ఆయన కలకత్తాలో ఉద్యోగం చేసేవాడు. పెళ్లికి ముందు షార్లెట్ సోఫియా రడ్ అనే యురేషియన్ మహిళతో ఆయనకి సంబంధం ఉండేది. 1804లో కూతురు పుట్టింది. ఆ పిల్లకి ఏ పేరు పెట్టారు? సారా రెడ్‌ఫీల్డ్. థాకరే కాదు. తర్వాత ఇంగ్లిష్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, 1811లో కలకత్తాలోనే కొడుకు పుట్టాడు. వాడికి తాత పేరు పెట్టారు: విలియం మేక్‌పీస్ థాకరే. 'వ్యానిటీ ఫెయిర్' నవల రాసిన ప్రపంచ ప్రసిద్ధ రచయిత ఇతనే. ఒకే తండ్రి, ఒకే ఊరు, ఇద్దరు పిల్లలు. ఒకరికి పేరు, ఒకరికి వీలునామాలో కాస్త భృతి. ఇందాక డీఎన్ఏ దగ్గర చెప్పానే, అది ఇదే. రక్తం ఒక చోటికి వెళ్తుంది, పేరు ఇంకో చోటికి వెళ్తుంది. ఎవరికి పేరు ఇవ్వాలో రక్తం నిర్ణయించదు, సమాజం నిర్ణయిస్తుంది. సారా కలకత్తాలోనే పెళ్లి చేసుకుని బతికింది.

తండ్రి 1815లో చనిపోయాడు. ఐదేళ్ల పిల్లవాణ్ణి చదువు కోసం ఓడెక్కించి ఇంగ్లండ్ పంపేశారు. దారిలో ఓడ సెయింట్ హెలీనా దీవిలో ఆగింది. అక్కడ తోటలో నడుస్తున్న ఒక మనిషిని చూపించి, వాడు రోజుకి మూడు గొర్రెల్ని తింటాడు, చిన్నపిల్లలు దొరికితే వాళ్లనీ తింటాడు అని కూడా ఉన్న నౌకరు భయపెట్టాడట. ఆ మనిషి బందీగా ఉన్న నెపోలియన్. ఈ సంగతి తర్వాత రచయితే గుర్తుచేసుకున్నాడు.

1847 జనవరి నుంచి 'వ్యానిటీ ఫెయిర్' నెలనెలా భాగాలుగా వచ్చింది. ఇప్పటి వెబ్ సిరీస్ లాగే, తర్వాతి నెల ఏమవుతుందా అని జనం ఎదురుచూసేవాళ్లు. అందులో ఇండియా నుంచి డబ్బు చేసుకొచ్చిన కలెక్టర్ జోస్ సెడ్లీ ఉంటాడు. లావుగా, పిరికిగా, డాబుగా. తాత ఏనుగులమ్మి సంపాదించాడు, మనవడు అలాంటివాళ్లనే వెక్కిరించి సంపాదించాడు. నాకు ఈ కుటుంబంలో అందరికంటే ఇతనే నయం అనిపిస్తాడు. అలాగని అమాయకుడు కాదు. ఇండియా ఆదాయమే అతన్ని చదివించింది, ఆ ఆస్తిలో చాలావరకు కుర్రతనంలో జూదంలోనూ, మునిగిపోయిన కలకత్తా బ్యాంకుల్లోనూ పోగొట్టుకున్నాడు. 1863లో చనిపోయాడు. బతికినవాళ్లు ఇద్దరూ కూతుళ్లే. అంటే ఆ ఇంట్లో కొడుకు ద్వారా ఇంటిపేరు సాగే దారి అక్కడితో ఆగిపోయింది.

ఆగిపోయిందా? ఇప్పుడు బొంబాయి పక్కన పన్వేల్ వెళ్దాం. 1885లో అక్కడ కేశవ్ పుట్టాడు. తండ్రి సీతారాం వాడిన ఇంటిపేరు పన్వేల్కర్. మరాఠీలో ఊరి పేరుకి 'కర్' తగిలిస్తే ఇంటిపేరు. సరిగ్గా థాక్‌రే ఊరివాణ్ణి థాక్‌రే అన్నట్టే. కానీ కొడుకుని బడిలో వేసేటప్పుడు తండ్రి తమ పాత ఇంటిపేరు 'ఠాకరే' అని రాయించాడు. కేశవ్ పెద్దయ్యాక గొప్ప చదువరి అయ్యాడు. విలియం మేక్‌పీస్ థాకరే రచనలంటే అభిమానం. తన మరాఠీ పేరుకీ ఆ ఇంగ్లిష్ పేరుకీ చెవికి పోలిక ఉంది కాబట్టి, ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఆ రచయిత స్పెల్లింగే తీసేసుకున్నాడు. ఇది వంశం కాదు, ఫ్యాన్ మూమెంట్! మనవాళ్లు హీరో పేరు పిల్లలకి పెట్టుకుంటారు, ఈయన ఏకంగా స్పెల్లింగ్ పెట్టుకున్నాడు.

కేశవ్ తక్కువవాడేం కాదు. 1921లో 'ప్రబోధన్' అనే పత్రిక మొదలుపెట్టి అంటరానితనం మీద, కట్నం మీద, బాల్యవివాహాల మీద గట్టిగా రాశాడు. అందుకే 'ప్రబోధన్‌కార్' అయ్యాడు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ముందున్నాడు. ఆయన కొడుకు బాల్ ఠాక్రే కార్టూనిస్టుగా మొదలై 1966లో శివసేన పెట్టాడు. ఆ పార్టీ అధికారంలోకి వచ్చాక 1995లో బొంబాయి అనే పేరు ముంబై అయింది. ఇంగ్లిష్ వాసన ఉన్న పేర్లు పోవాలని పట్టుబట్టిన పార్టీ, దాన్ని నడిపిన ఇంట్లో మాత్రం యార్క్‌షైర్ స్పెల్లింగ్. రాజకీయంగా మీరు ఏ వైపున్నా సరే, ఇది చూసి కాస్త నవ్వు రాకపోతే కష్టం. మార్చుకోమని నేను అనట్లేదండీ. పేరు ఎవరిష్టం వాళ్లది.

ఇంక ఆ మొదటి ఊరు, రెల్లుమూల, దాని సంగతి చెప్పి ఆపేస్తా. 19వ శతాబ్దంలో లీడ్స్ మిల్లులతో విపరీతంగా పెరిగిపోయింది. డాక్టర్ థాక్రా చూసిన ఆ దుమ్ము నగరమే. తాగడానికి మంచినీళ్లు లేవు, కలరా వచ్చేది. నగర పాలకులు వాష్‌బర్న్ లోయ మీద కన్నేశారు. 1870లలో వరసగా మూడు రిజర్వాయర్లు కట్టారు: లిండ్లీ వుడ్, స్విన్‌స్టీ, ఫ్యూస్టన్. థాక్‌రే అనే ఆ చిన్న చోటు ఫ్యూస్టన్ జలాశయం కింద మునిగిపోయింది. శ్రీశైలం కోసం ఊళ్లొదిలిన కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి, వాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఇవాళ అక్కడికి వెళ్తే నీళ్లు, చుట్టూ చెట్లు, నడవడానికి దారి కనిపిస్తాయి. లీడ్స్ వాళ్లు వారాంతాల్లో కుక్కల్ని తీసుకుని వాకింగ్‌కి వస్తారు. ఆ ఇంటిపేరు ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్ల ఊరు నీళ్ల కిందుంది.

మీ ఇంటిపేరు ఏ ఊరిది, ఆ ఊరు ఇప్పుడు ఎక్కడుంది, ఎవరైనా పెద్దవాళ్లని అడిగితే నాకు రాయండి. ఇలియట్, అమరావతి శిల్పాల కథతో వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.